నోటితడి తాళ్ళు

నీలూ, ఆ కాగితం మడిచి పక్కన పెట్టి ఇట్లా నా దగ్గరికి జరుగు. ఇంకొంచెం. నోరు ఎండితే నా మాట సగం లోపలే ఉండిపోతుంది, దూరంగా కూర్చుంటే నీకు అందదు. ఆ చెంబు కూడా చేతికందేట్టు పెట్టు. రేపు పొద్దున మన పాత కారవాన్‌ను అద్దాల షెడ్డులో పెట్టి అందరికీ చూపిస్తారు కదా, మైకు ముందర నిలబడి ఆ కాగితం చదివేది నువ్వే కదా. అందులో ఏం రాశారో నిన్న నువ్వు చదివితే విన్నాను. "చెల్లెలి ప్రాణం కాపాడడానికి తన కన్నీళ్ళను ఇచ్చేసిన అక్క, ఓబుళమ్మ." ఓబుళమ్మను నేను. ఆ చెల్లెలు మీ అవ్వ సుంకమ్మ. అది పోయినేడు పోయింది, ఈ సంగతి చెప్పడానికి ఇక నేనొక్కదాన్నే మిగిలాను. కాగితంలో ఉన్నది అబద్ధం కాదు. నిజమూ కాదు. చదివే ముందు విను.

మా నాయనకు కళ్యాణదుర్గంలో షామియానాల పని. పెళ్ళి అయినా, చావు అయినా, జాతర అయినా ముందు మా గుడ్డ లేవాలి, తరవాతే మిగతావి. నేను మూడో తరగతిలో బడి మానేసి దబ్బనం పట్టాను. దబ్బనం అంటే గోనెలు కుట్టే లావు సూది. సుంకి నాకంటే నాలుగేళ్ళు చిన్నది, అది అయిదు దాకా చదివింది. మా ఇద్దరికీ నాయన నేర్పిన పద్ధతి ఒకటుంది. నూలుతాడు కొసను నోట్లో పెట్టుకొని బాగా తడిపి, అప్పుడు ముడి వెయ్యాలి. తడి ఆరేకొద్దీ ముడి బిగుసుకుంటుంది, ఎంత గాలి వచ్చినా జారదు. పందిరి లేచాక నాయన కింద తిరుగుతూ ముడులను వేలితో తాకి చూసేవాడు. పొడిగా తగిలితే విప్పించి మళ్ళీ కట్టించేవాడు. అందుకే మా ఇంట్లో పుట్టినవాళ్ళకు తాడు కనబడితే చేతికంటే ముందు నోరు పోతుంది.

ఇక నా కడుపుమంట సంగతి. దాన్ని దాచి ఈ కథ చెప్పలేను. నా కుట్టు సన్నగా, సమంగా వచ్చేది. సుంకి కుట్టు కోడి గీరినట్టు ఉండేది. ఇది నా మాట కాదు, నాయన మాటే. అట్లాంటి నాయన చివరి రోజుల్లో తన ఇత్తడిపిడి దబ్బనాన్ని దానికి ఇచ్చిపోయాడు. "పెద్దది ఎట్లయినా బతుకుతాది, ఇది చిన్నదానికి ఇయ్యండి" అన్నాడు. నేను ఆయన కాళ్ళ దగ్గరే కూర్చొని ఉన్నాను. నా కూతురు పసిదిగా ఉన్నప్పుడు నా ఒళ్ళో ఏడ్చేది, దాని ఒళ్ళో నిద్రపోయేది. మా వీధి కుక్కకు రోజూ సంగటి పెట్టింది నేను. అది తినేసి పోయి సుంకి గడపలో పడుకునేది. నవ్వకు. ఆ కుక్కను చూసినా నాకు అన్నం సహించేది కాదు. పోనీ సుంకి ఏమైనా చేసేదా అంటే ఏమీ చేసేది కాదు. ఊరికే ఉండేది, అందరూ దానివైపు తిరిగేవాళ్ళు. తిట్టడానికి ఒక కారణమైనా ఇవ్వలేదు నాకు.

అట్లా ఉండగా వకుళ మేడం వచ్చింది. విశాఖపట్నం వైపు మనిషి, పెద్ద చదువు, అప్పటికి ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. మా పంచలో కూర్చొని, సంచిలోంచి బూడిదరంగు గుడ్డముక్క తీసి నా చేతిలో పెట్టింది.

"వాసన చూడండి అక్కా. మీ వంటింట్లో ఉండేదే," అంది.

చూశాను. రాతిపువ్వు. మసాలాలో వేస్తామే, బండలమీద పొరలు పొరలుగా పెరిగేది, అదే. మేడం ఆ ముక్కమీద ఒక్క నీటిచుక్క వేసింది. చుక్క పడినచోట బూడిదరంగు పోయి, తొలివానకు మొలిచిన గడ్డిలా పచ్చబడింది.

"వాన లేకపోయినా ఇది బండమీద ఎలా బతుకుతుందో తెలుసా? గాలిలో తేమ తాగి. నేను దీన్ని నూలుపోగుల మీద పెరిగేలా చేశాను. తాగుతుంది గానీ దాచుకోలేదు, కార్చేస్తుంది. పెద్ద పందిరి వేస్తే తెల్లారేసరికి ఒక ఊరికి తాగునీళ్ళు."

"మిషనుమీద కుట్టించుకోండి మేడం, మేమెందుకు?" అన్నాను.

"మిషను సూది వేడికి పోగు చచ్చిపోతోంది. చేతికుట్టే కావాలి. మీ కుట్టు గురించి అందరూ చెప్పారు."

మీ కుట్టు అంది, నా మొహం చూసి. ఆ మాటను కొంగున ముడేసుకొని నెలన్నర కుట్టాను. సుంకి పక్కన కూర్చొని అంచులు మడిచి ఇచ్చేది, అంతే. ఆ గుడ్డలో నూటికి తొంభై కుట్లు నావి. ఇది గుర్తుపెట్టుకో.

గుడ్డను ఊరూరా తిప్పడానికి మేడం ఒక పాత కారవాన్ తెచ్చింది. సినిమావాళ్ళు షూటింగుల్లో వాడి వదిలేసిన బండి, చక్రాలమీద ఇల్లు. లోపల ఒక వైపు మేడం గాజుసీసాలు, ఇంకో వైపు మా పొయ్యి, పిండి డబ్బాలు. నడిపేవాడు నా మొగుడు తిప్పయ్య. బోర్లన్నీ ఎండిపోయిన మల్లరాయునిపల్లెకు మొదట పోయాము. పంచాయతీ ఆఫీసు ముందర బండి ఆపి, గుడ్డ ఒక అంచును కప్పుకు బిగించి, ఇంకో అంచును గుంజల కొక్కేలకు తగిలించి పందిరి లేపడం మొదలుపెట్టాము.

ఆ పని ఎట్లా ఉంటుందో చెప్తాను, కథంతా దానిలోనే ఉంది. బండి కప్పు అంచు పొడుగునా అల్యూమినియం పట్టీ పరవాలి. దాన్ని కప్పుకు పట్టి ఉంచడానికి మూరకు ఒక బిగింపు, మొత్తం ఇరవై రెండు. ఒక్కో బిగింపుకు రేకులో బెజ్జం వెయ్యాలి, బెజ్జంలో మిగిలిన రేకుపొడి తీసెయ్యాలి, వాన దిగకుండా తెల్లబంక పెట్టాలి, రబ్బరు వాషరు వేసి స్క్రూ తిప్పాలి. ఆ తరవాత ప్రతి బిగింపుకూ గుడ్డ అంచును జానెడు నూలుతాడుతో కట్టాలి. మే నెల ఎండలో ఆ రేకుమీద మోకాళ్ళు ఆనిస్తే అట్టు కాలినట్టు కాలుతుంది.

మేడం మా చేతికి సైకిలు పంపు ఇచ్చింది.

"పొడిని దీనితో ఊదండి. నోటితో ఊదొద్దు. తాళ్ళు కూడా నోట్లో పెట్టుకోవద్దు. గుడ్డకు ఇంకా ఏమీ నేర్పలేదు," అంది.

"గుడ్డకు నేర్పేదేంది మేడం, బడికి పంపుతారా?" అన్నాడు తిప్పయ్య, కింద నిచ్చెన పట్టుకొని.

మేడం నవ్వి ఒక పెద్ద రబ్బరు సంచి చూపించింది. అడుగున నీళ్ళు, పక్కన చిన్న మోటారు. "తేమ ఎటునుంచి వస్తుందో దానికి తెలియదు బాబాయ్. ఈ సంచి రేపటినుంచి దానిమీద వెచ్చని తడిగాలి ఊదుతుంది. ఆ గాలిని గుర్తుపట్టి తెరుచుకోవడం నేర్చుకుంటుంది. మనిషి ఊపిరిని నేర్చుకుంటే ఏమవుతుందో నాకే తెలియదు. అందుకే వద్దంటున్నాను."

నేను ముందు పోతూ బెజ్జాలు వేశాను. రేకుపొడి లోపలికి పోకుండా ముక్కుకూ నోటికీ కొంగు బిగించి కట్టుకున్నాను. నా వెనక సుంకి. రెండు బెజ్జాల దాకా పంపుతో ఊదింది. మూడోదానికి పంపు పక్కన పెట్టి నోటితో ఉఫ్ మంది. తాళ్ళూ అంతే, ఒక్కోటి నోట్లో నానబెట్టి, తీసి, ముడి వేసింది. నేను చూశాను. ఏమీ అనలేదు. పొడిగా కట్టిన ముడి మా కళ్ళకు తప్పుగా కనిపిస్తుంది గానీ, తడిపి కట్టింది తప్పని ఎట్లా తోస్తుంది?

మరునాడు తెల్లవారుతూనే సుంకి కసువు ఊడ్వడానికి పందిరి కిందికి పోయింది. మేడం ఇంకా సంచి విప్పనేలేదు. సుంకి నెత్తిమీద గుడ్డ పచ్చబడింది. అది నాలుగడుగులు వేస్తే ఆ పచ్చమచ్చ కూడా పైన నాలుగడుగులు వేసింది. అది వంగితే గుడ్డ పొట్ట దిగి వంగింది, తల్లి పొదుగు వెతికే దూడలా. టపటపమని మొదలైన చుక్కలు ధార కట్టి డ్రమ్ములోకి పడ్డాయి.

నేను పరుగున పోయి దాన్ని పక్కకు నెట్టి అక్కడ నిలబడ్డాను. గుడ్డ బూడిదరంగుకు తిరిగింది. నా మొహంమీద ఒక్క చుక్క పడింది. అది కూడా దానికోసం బయలుదేరి ఆలస్యమైన చుక్క.

"ఏమే ఓబుళా, నీ చెల్లెల్ని సూస్తే గుడ్డ కూడా లేసి నిలబడతాంది. నువ్వు పోతే పండుకుంటాంది," అన్నాడు తిప్పయ్య.

"కుట్టింది నేను."

"ఆ మాట దానికి సెప్పుకో. ఇంటాదేమో."

మేడం తలపట్టుకుంది. తరవాత డ్రమ్ము చూసింది. సంచితో నేర్పితే వస్తాయనుకున్న నీళ్ళకు మూడింతలు వచ్చాయి. "అనుకోకుండా జరిగింది. కొన్నాళ్ళు ఇలాగే చూద్దాం," అంది. చూడు, అక్కడ అందరమూ ఆ నీళ్ళకే నోరు మూసుకున్నాము. నేను మాత్రం నీళ్ళు చూడలేదు. ఆ పచ్చమచ్చనే చూశాను.

ఆ రోజునుంచి పొద్దున అయిదుకు సుంకి పందిరి కింద కుర్చీలో కూర్చోవడం, ఎనిమిది దాకా ఊళ్ళో ఆడవాళ్ళు బిందెలు నింపుకోవడం. కూర్చోవడమే దాని పని. ఒకామె తలకు నూనె పెట్టేది, ఒకామె పూలు తెచ్చేది.

"సుంకమ్మా, నువ్వు కదలగాకు తల్లీ, నా బిందె ఇంకా నిండలా," అనేది ఒకామె. నన్ను చూసి, "ఈమె మీ అక్కనా? ఆ గుంజ కొంచెం వంగింది, సరిజేస్తావా అక్కా?" అనేది.

నేను గుంజ సరిచేసేదాన్ని. వంటా నేనే చేసేదాన్ని. చేస్తూ పొగలోంచి ఆ మచ్చను చూసేదాన్ని. గుడ్డకు మనసుంటుందా, ఉండదు, ఆమాత్రం నాకూ తెలుసు. అయినా నెలన్నర నా వేళ్ళు పొడుచుకొని పెంచిన బిడ్డ పరాయిదాని చంక ఎక్కినట్టే ఉండేది.

సుంకికి దప్పి మొదలైంది. "అక్కా, ఇంగో సెంబు ఇయ్యి. ఎంత తాగినా పోలేదు," అనేది.

"ఊరికంతా నీళ్ళిచ్చే మారాణివి, నీకు నేనియ్యాల్నా?" అని చెంబు దానికి అందనంత దూరంలో పెట్టేదాన్ని.

పెదవులు పగిలాయి. చింతకాయ కొరికితే నోట్లో నీరు ఊరడంలేదని అంది, కొత్త గారాబం అనుకున్నాను. ఇరవై మూడో రోజు మా అమ్మ పోయిందని కబురొచ్చింది. కళ్యాణదుర్గం పోయాము. నేను నేలమీద పడి ఏడ్చాను. సుంకి అమ్మ తల ఒళ్ళో పెట్టుకొని రెప్ప వెయ్యకుండా కూర్చుంది. ఒక్క చుక్క రాలేదు. అందరి ముందరా అన్నాను నేను: "నీళ్ళన్నీ ఊళ్ళకు పోసి, అమ్మకు రెండు సుక్కలన్నా మిగిల్సుకోలేకపోయినావా?"

అది నావైపు చూసింది. "వస్తాలేవక్కా," అంది. అంతే. గర్వం అనుకున్నాను. నేనన్న మాట మాటకు మాట నిజమని, దాని ఒంట్లో నిజంగానే చుక్క మిగల్లేదని నాకెట్లా తెలుస్తుంది? తెలుసుకోవాలని చూస్తే కదా తెలిసేది.

తిరిగి వచ్చిన మరునాడు మేడం ఒక బిగింపునుంచి తాడుముక్క కత్తిరించి, గాజుపళ్ళెంలో గుడ్డముక్క పక్కన పెట్టింది. నేను సీసాలు కడుగుతూ చూస్తున్నాను. గుడ్డముక్క తాడువైపున్న అంచునుంచి మెల్లగా పచ్చబడింది.

"ఇదండీ సంగతి. గుడ్డ గుర్తుపట్టింది సుంకమ్మను కాదు, ఈ తాళ్ళలో ఉన్న నోటితడిని," అంది మేడం. సుంకిని పిలిచి గాజుగొట్టంలో ఉమ్మమంది. అది దవడలు నొక్కుకుంది, నాలుక తిప్పింది, చుక్క కూడా రాలేదు. మేడం మొహం ఎట్లనో అయింది. సుంకి భుజంమీద చెయ్యి వేసింది. "ల్యాబులో ఒకటి చూసి శుక్రవారం వస్తాను. అప్పటిదాకా దేన్నీ కదిలించొద్దు," అని జీపెక్కింది.

మేడం మొహం నాకు కనబడింది గానీ, నేను చూసింది ఆ భుజంమీది చేతినే. ఇంకో మాట మాత్రం నా చెవిలో మోగుతూ ఉండిపోయింది. సుంకమ్మను కాదు, నోటితడిని. అంటే దానిలో ఏ గొప్పా లేదు. రాత కాదు, దేవుడిచ్చింది కాదు. ఎంగిలి. ఎంగిలే అయితే నాకు మాత్రం నోరు లేదా?

శుక్రవారం పక్క రెండు ఊళ్ళవాళ్ళు కూడా బిందెలతో వస్తామన్నారు. మధ్యాహ్నంనుంచి పొద్దు వాలేదాకా కూర్చుంటానని సుంకి మాటిచ్చింది. పొద్దున మామూలుగా కూర్చొని లేచేటప్పుడు తూలింది. ఆడవాళ్ళు పట్టుకొని పోయి పంచాయతీ ఆఫీసు అరుగుమీద పడుకోబెట్టారు. తిప్పయ్య టైరు పంచరు వేయించడానికి పోయాడు. బండి దగ్గర నేనొక్కదాన్నే.

నిచ్చెన వేసి కప్పెక్కాను.

మొదటి బిగింపు స్క్రూ విప్పాను. సుంకి తాడు కోసి తీశాను. బెజ్జంలో నా ఊపిరంతా పెట్టి ఊదాను. కొత్త తాడు నోట్లో నానబెట్టి కట్టాను, వాషరు వేసి బిగించాను. నోట్లో బంక చేదు, నూలు రుచి. మొదటిది నాయన దబ్బనం కోసం. రెండోది నా కూతురి నిద్రకోసం. మూడోది ఆ కుక్క కోసం, నిజంగా. నాలుగోది పెళ్ళిచూపులప్పుడు మా అత్త, "చిన్నది ఇంకా బాగుంది" అన్నందుకు. ఇట్లా ఒక్కో బిగింపుకు ఒక్కో నేరం చెప్పుకుంటూ పోయాను. పదిహేడు దగ్గర నేరాలు అయిపోయాయి. ఎంత వెతికినా ఇంకొకటి దొరకలేదు. మిగిలిన అయిదింటికీ పాతవాటినే మళ్ళీ వాడుకున్నాను.

కోసిన ఇరవై రెండు తాళ్ళనూ బండిలోకి తెచ్చి రాగిపిండి డబ్బా అడుగున దాచాను. పోయి పందిరి కింద కుర్చీలో కూర్చున్నాను.

కాసేపు ఏమీ లేదు. బూడిదరంగే. ఆ తరవాత, నీలూ, నా నెత్తిమీద పచ్చబడింది. రూపాయంత, తరవాత పళ్ళెమంత. లేచి అటు నడిచాను, వచ్చింది. ఇటు నడిచాను, వచ్చింది. చిన్నపిల్లలా అటూ ఇటూ తిరిగాను. నా పెళ్ళిలో లేదు, నా బిడ్డ పుట్టినప్పుడు లేదు అంత సంతోషం. ఆ మాట చెప్పుకోవడానికి సిగ్గుపడుతున్నాను గానీ, ఉన్నది ఉన్నట్టు చెప్తానన్నాను కదా.

పన్నెండింటికి బిందెలు వచ్చాయి. "సుంకమ్మ యాడ?" అన్నారు. పైకి చూసి, "ఓ, ఈమెకూ పలుకుతాంది," అన్నారు. ధార లేదు, చుక్కలే. నాలుగు గంటల్లో సగం బిందె నిండింది. నాకు దప్పి వేసింది, తల దిమ్మెక్కింది. లేచి నీళ్ళు తాగితే మచ్చ పోతుందేమోనని కూర్చునే ఉన్నాను. మధ్యలో సుంకి గోడ పట్టుకుంటూ వచ్చింది.

"అక్కా, లెయ్యి. నేను కూసుంటానన్నా గదా వీళ్ళకు."

"నీ అవసరం లేదు. పో, పండుకో పో."

అది గుడ్డను చూసింది. కప్పు అంచున కొత్త తాళ్ళు చూసింది. నన్ను చూసింది. "సరే, సంగటన్నా కెలుకుతా," అని బండిలోకి పోయింది.

నాలుగింటికి జీపు వచ్చింది. ఆగకముందే మేడం దూకింది. "సుంకమ్మ ఎక్కడ? పందిరి కిందినుంచి తీసెయ్యండి ఆమెను." నన్ను చూసి ఆగిపోయింది. చెయ్యి పట్టుకొని గుంజి ఎండలోకి లాగింది. ఆ తరవాత ఏడుస్తూ చెప్పింది. ఆ గుడ్డ ఎవరి తడిని నేర్చుకుంటే ముందు వాళ్ళనుంచే తాగుతుంది. పొద్దున గాలిలో తేమ ఉంటుంది కాబట్టి కొంత సుంకి ఇచ్చేది, ఎక్కువ గాలి ఇచ్చేది. మిట్టమధ్యాహ్నం గాలిలో ఏముంది? తాగేదంతా మనిషినుంచే. ఇరవై రోజులుగా ఎండిన సుంకి ఆ రోజు ఆ కుర్చీలో కూర్చొని ఉంటే లేచేది కాదట.

ఆ సగం బిందె ఏమిటో అప్పుడు అర్థమైంది నాకు. అది నేను. ఎవరో నెత్తిన పెట్టుకొని పోయారు కూడా.

మేడం పైకి చూసింది. ఇరవై రెండు కొత్త తాళ్ళు. "ఓబుళక్కా, మీకెలా తెలిసింది? తెలిసి మీరు కూర్చున్నారా?"

నా నాలుక అంగిటికి అతుక్కుంది. నోరు రాలేదని చెప్పుకోవచ్చు, కానీ తల అడ్డంగా ఆడించవచ్చు కదా. ఆడించలేదు. అప్పుడే పంచరు వేయించుకొచ్చిన తిప్పయ్య టైరు వదిలేసి, "సెల్లెలి కోసరం సేసింది మేడం. పైకి అరుస్తాది గానీ," అన్నాడు. చుట్టూ ఆడవాళ్ళు చేతులు జోడించారు. అంతమంది నావైపు తిరగడం నా జన్మలో అదే మొదలు.

సుంకి బండిలోంచి వచ్చింది. చేతులకు పిండి. వంగి నా కాళ్ళు పట్టుకుంది. లేచాక చూస్తే నా పాదాలమీద పది వేళ్ళ అచ్చులు, రాగిపిండివి.

నెలన్నర ఆసుపత్రిలో ఉన్నాను. ఉమ్మి సగం తిరిగి వచ్చింది, కన్నీళ్ళు రాలేదు. కొద్దికొద్దిగా ఎండింది కాబట్టి సుంకి సంక్రాంతికల్లా కోలుకుంది. మేడం పందిరి దింపేసి, ఆ మొదటిరోజే ఆపకపోవడం తన తప్పని పెద్దలందరికీ రాసి పంపింది. ఇప్పుడు బస్టాపుల్లో, బడుల్లో ఉన్న పందిళ్ళన్నీ రబ్బరు సంచి నేర్పినవే. బిగించేవాళ్ళు మూతికి గుడ్డ కట్టుకోకుండా కప్పెక్కడానికి వీల్లేదు. మేడం తన తప్పు రాసింది. నా తప్పు నేను రాయలేదు. రాయడం సరిగా రాదనే సాకు నాకు చాలింది.

అప్పటినుంచి లోకానికి ఓబుళమ్మ అంటే త్యాగం చేసిన అక్క. సుంకి ఆమెకోసమే రోజుకు అయిదుసార్లు వచ్చి నా కళ్ళలో మందు చుక్కలు వేసేది. వాన వచ్చినా వేసేది, దానికే జ్వరం వచ్చినా లేచి వేసేది. ఆ అక్కంటే దానికి ఎంత ప్రేమో అనుకునేదాన్ని. ఆ అక్కను నేను కాదు కదా. చివరికి ఆమెమీద కూడా నాకు కడుపుమంటే. లేని మనిషిమీద అసూయపడ్డదాన్ని నన్ను తప్ప ఇంకెవరినైనా చూశావా?

పోయినేడు సుంకి మంచం పట్టింది. లేవలేదు గానీ, చుక్కలు వేసే వేళకు నన్నే మంచం దగ్గరికి వంగమనేది. ఒకరోజు వేసి, సీసా మూత పెడుతూ నవ్వింది.

"రాగిపిండి డబ్బాలో తాళ్ళు దాసినావు గదక్కా."

వంచిన తల ఎత్తి దాని మొహం చూశాను.

"ఆ పొద్దే సూసినా. సంగటికి పిండి తీస్తే సేతికి సిక్కినాయి. కాపాడేదానికి పోయింటే దాసేదెందుకు? నా గుడ్డను లాక్కోను పోయినావు."

"మరి నా కాళ్ళెందుకు మొక్కినావే?"

"బతికినా గదా. ఎవరికో ఒకరికి మొక్కల్ల గదా, ఎదురుగా నువ్వు ఉంటివి." కాసేపు దగ్గింది. "అయితే ఒకటి సెప్తా ఇను. ముప్పై ఏండ్లు అందరూ నిన్ను మహాతల్లి, మహాతల్లి అంటాంటే నాకు ఎట్ల మండేదో తెలుసునా? నోరు తెరిసి సెప్పేదానికి ల్యాదు. బతికించినదాన్ని సెడ్డదంటే నన్ను ఉమ్మేయరా? మరీ మండిన పొద్దు నీ కంట్లో రెండు సుక్కలకు మూడు వేస్తాంటి. సుర్రుమంటాంటే ఓర్సుకుంటాంటివి సూడు, అప్పుడు సల్లగా ఉండేది నాకు."

ఎన్నిసార్లు సుర్రుమందో లెక్కలేదు, నీలూ. మందు అట్లాంటిదే అనుకున్నాను. ఇద్దరమూ నవ్వాము. నవ్వి నవ్వి దాని కళ్ళలో నీళ్ళు కారాయి. నా కళ్ళు పొడిగా మండాయి. నాలుగో రోజు అది పోయింది. నేను ఏడవలేదు. "పాపం, ఆ కన్నీళ్ళు ఎప్పుడో చెల్లెలికే ఇచ్చేసింది" అనుకున్నారు జనం. ఈసారి తల అడ్డంగా ఆడించాను. ఎవరికీ అర్థం కాలేదు.

అదీ సంగతి. ఇప్పుడు ఆ సీసా తీసుకో, వేళయింది. నువ్వు దాని మనవరాలివి, వినింది నీ అవ్వ కథ. మామూలుగా అయితే రెండు చుక్కలు. నామీద కోపం వచ్చిందా, మూడు వెయ్యి. ఏమీ అనను, కన్ను తెరిచే ఉంచుతాను.

రేపు మైకు ముందర ఆ కాగితంలో ఉన్నది చదివితే చదువు. కానీ చదివాక కాగితం కింద పెట్టి, పిండి డబ్బాలో తాళ్ళ సంగతి కూడా చెప్పు. ఇరవై రెండు అని లెక్క మరిచిపోవద్దు. ఆ మూడో చుక్క సంగతి కూడా వదలొద్దు, లేకపోతే ఈసారి మీ అవ్వ ఒక్కతే మంచిదైపోతుంది, నేను ఓర్చుకోలేను. ఆ తరవాత నీ బిడ్డలకు చెప్పు, వాళ్ళను వాళ్ళ బిడ్డలకు చెప్పమను. ఇద్దరినీ కలిపే చెప్పాలి. వెయ్యి ఇక, తల వెనక్కి పెట్టాను.